పండగలోపు చేపల తొట్టి తీసెయ్యాలా?

పాలకొల్లు దగ్గర ఒక పల్లె నుంచి ఒకావిడ రాసిన ఉత్తరం ఇది. పేరు వద్దన్నారు. చాలా వివరంగా రాశారు కాబట్టి ముఖ్యమైన సంగతులే ఇక్కడ చెబుతున్నాను.

ఎనిమిదేళ్ల పాప ముచ్చటపడిందని దసరా సెలవుల్లో రెండడుగుల అక్వేరియం కొన్నారు. నాలుగు గోల్డ్ ఫిష్, నాలుగు మోలీలు, గాజుకి అతుక్కుని పాచి తినే సక్కర్ ఒకటి. రెండు నెలలు బాగానే ఉన్నాయి. డిసెంబరు రెండో వారంలో వాళ్లాయన భీమవరం వెళ్లినప్పుడు రెండు ఏంజెల్ చేపలు తెచ్చారు. కొత్తవి వచ్చాయి కదా అని ఆ ఆదివారమే తొట్టి మొత్తం ఖాళీ చేసి, రాళ్లు బ్రష్‌తో రుద్ది, ఫిల్టర్ స్పాంజిని కుళాయి కింద తెల్లగా అయ్యేదాకా పిండి, తాగే నీళ్ల టిన్నులు తెప్పించి నింపేశారు. మూడో రోజుకి చేపలన్నీ పైకొచ్చి నోళ్లు తెరవడం మొదలెట్టాయి. ఇంకో వారానికి ఒంటి మీద బొంబాయి రవ్వ చల్లినట్టు తెల్లటి చుక్కలు. రెండు ఏంజెల్ చేపలు, ఒక గోల్డ్ ఫిష్, రెండు మోలీలు పోయాయి. ఇంకా ఆరు మిగిలాయి.

ఇక ఇంట్లో. మరిది రొయ్యల చెరువు చేస్తారు. ‘వైట్ స్పాట్’ అన్న మాట చెవిన పడగానే ఆ తొట్టి ఇంట్లో ఉంటే నా చెరువు పోతుందని గొడవ పెట్టుకున్నారు. మళ్లీ ఆయనే తన దగ్గరున్న యాంటీబయాటిక్ పొడి ఒక పొట్లం కట్టిచ్చి, వేసి చూడమన్నారు. తొట్టి వచ్చిన దగ్గర్నుంచీ ఇంటికి అచ్చి రాలేదని, పండక్కి ఆడపడుచులు వచ్చేలోపు తీసెయ్యమని అత్తగారు అంటున్నారు. మేత ఎక్కువేసి చంపేసిందని పాప వినేలానే అన్నారట. వాళ్లాయనేమో మిగిలినవి కాలవలో వదిలేసి కొత్తవి తెచ్చుకుందాం అంటున్నారు. పాప అన్నం సరిగా తినడం లేదు, బడి నుంచి రాగానే తొట్టి ముందు కూర్చుంటోంది. “మందు వెయ్యనా, తీసెయ్యనా, ఎవరికైనా ఇచ్చెయ్యనా? ఎవరి మాట వినాలో తెలియడం లేదు” అని అడిగారు.

అమ్మా, ఇవాళ ఏ నిర్ణయమూ తీసుకోకపోయినా ఫర్వాలేదు కానీ రెండు పనులు మాత్రం జరక్కుండా చూడండి. ఆ పొడి తొట్టిలో పడకూడదు. ఆ చేపలు కాలవలోకి వెళ్లకూడదు. కారణాలు కింద చెబుతాను.

ముందు అసలు ఏం జరిగిందో చూద్దాం. మీ చేపలకి రెండు దెబ్బలు ఒకదాని వెనక ఒకటి తగిలాయి, ఇంట్లో అందరూ రెండోదాన్నే చూస్తున్నారు. చేపలు విసర్జించేదీ, మిగిలిపోయిన మేత కుళ్లేదీ నీళ్లలో అమ్మోనియాగా మారుతుంది. స్పాంజిలో, రాళ్ల మీద పెరిగే మంచి బ్యాక్టీరియా దాన్ని ముందు నైట్రైట్‌గా, తర్వాత అంతగా హాని చెయ్యని నైట్రేట్‌గా మారుస్తుంది. ఈ బ్యాక్టీరియా సరిపడా పెరగడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. దసరాకి మొదలుపెట్టిన తొట్టి కాబట్టి మీకు అప్పటికే తయారై ఉంది. ఆ ఆదివారం రాళ్లు రుద్ది, క్లోరిన్ కలిసిన కుళాయి నీళ్లతో స్పాంజి పిండడంతో అది చాలావరకు పోయింది. అదే రోజు తొట్టిలో రెండు చేపలు పెరిగాయి. మూడో రోజున చేపలు పైకొచ్చి నోళ్లు తెరిచాయంటే అప్పటికి తెల్లచుక్కల రోగం ఇంకా బయటపడనే లేదు, అది చాలావరకు అమ్మోనియా పనే. మొప్పలు మండిపోయి ఊపిరందక చేసే పని అది.

ఆ నీరసంలో ఉన్న చేపల మీద రెండో దెబ్బ పడింది. కొత్త చేపలతో పాటు ఒక పరాన్నజీవి వచ్చి ఉంటుంది, డిసెంబరు చలికి రాత్రిళ్లు నీళ్లు చల్లబడటం దానికి కలిసొచ్చింది. దీన్ని అక్వేరియం వాళ్లు ‘ఇక్’ అంటారు. మీకు కనిపించే ఒక్కో చుక్కలోనూ చేప చర్మం కింద దూరి తింటున్న ఒక్కో జీవి ఉంటుంది. కడుపు నిండాక అది చేపని వదిలి కింద రాళ్లలోకి దిగి, చుట్టూ పొర కట్టుకుని, లోపల వందల పిల్లలుగా విడిపోతుంది. ఆ పిల్లలు బయటికొచ్చి ఈదుకుంటూ మళ్లీ చేపని వెతుక్కుంటాయి. రెండు మూడు రోజుల్లో చేప దొరక్కపోతే చచ్చిపోతాయి. నీళ్లు 25 డిగ్రీలుంటే ఈ తిరుగుడంతా వారం లోపే అయిపోతుంది, చలి ఎక్కువైతే ఇంకా సాగుతుంది.

ఇందులో మీరు గట్టిగా పట్టుకోవాల్సింది ఒకటుంది. మందైనా ఉప్పైనా చేప ఒంటి మీద చుక్కలోపల ఉన్నదాన్ని ఏమీ చెయ్యలేదు, రాళ్లలో పొర కట్టుకున్నదాన్నీ చెయ్యలేదు, నీళ్లలో ఈదుతున్న ఆ కాస్త సమయంలోనే చంపగలదు. అందుకే చాలామంది మూడు రోజులు మందు వేసి, చుక్కలు పోయాయని సంబరపడి ఆపేస్తారు, వారం తిరిగేసరికి రెట్టింపు చుక్కలతో మళ్లీ మొదలవుతుంది. చుక్కలు రాలిపోయాయంటే అవి కింద రాళ్లలో పిల్లలు పెడుతున్నాయని లెక్క. చివరి చుక్క కనిపించిన రోజు నుంచి కనీసం ఇంకో వారం వైద్యం సాగాలి.

మొదలుపెట్టే ముందు ఒక్కసారి చేపని దగ్గర్నుంచి చూడండి. మగ గోల్డ్ ఫిష్‌కి పిల్లలు పెట్టే కాలంలో మొప్పల మూతల మీద, ముందు రెక్కల అంచు మీద మాత్రమే వరసగా తెల్లటి బుడిపెలు వస్తాయి, అది రోగం కాదు. చుక్కలు తోక మీద, వీపు మీద, రెక్కల పొరల మీద ఎక్కడపడితే అక్కడ ఉండి, చేప రాళ్లకేసి ఒళ్లు రుద్దుకుంటూ ఉంటే ఇక్ అనుకోండి. చుక్కలుగా కాకుండా పోగులు పోగులుగా తెల్లటి బూజులా వేలాడుతుంటే అది ఫంగస్, దాని దారి వేరు. మీరు రాసినదాన్ని బట్టి మీది ఇక్కే అనిపిస్తోంది.

ఇప్పుడు మీ మరిదిగారి భయం. ఆయన్ని తప్పు పట్టలేం. 1990ల మధ్యలో వైట్ స్పాట్ వచ్చి టైగర్ రొయ్య కుప్పకూలినప్పుడు మన జిల్లాల్లో అప్పులపాలైన కుటుంబాలు ఎన్నో, ఇప్పుడు వనామీ రకం రొయ్య వేసేవాళ్లకి కూడా ఆ మాట వింటే గుండె గుభేలుమంటుంది. కానీ ఆ వైట్ స్పాట్ ఒక వైరస్. రొయ్యలకి, పీతలకి వచ్చేది. మీ తొట్టిలోది చేపలకి మాత్రమే పట్టే ఏకకణ జీవి. ఈ రెండింటికీ చుట్టరికమే లేదు. గోల్డ్ ఫిష్ మీది ఇక్ రొయ్యకి రాదు, ఈ మాట ఆయనకి ధైర్యంగా చెప్పండి. నా మాట మీద నమ్మకం లేకపోతే ఆయన తన చెరువు నీళ్లు పరీక్షకిచ్చే ల్యాబ్‌లోనే అడగమనండి.

అయితే చేపల చెరువు సంగతి వేరు. బొచ్చెకి, శీలావతికి, మంచినీటి చేప దేనికైనా ఇక్ పట్టగలదు. అందుకే కాలవ వద్దన్నాను. మన కాలవలూ బోదెలూ ఎన్ని చెరువులకి నీళ్లిస్తాయో మీకు చెప్పక్కర్లేదు. ఇంకో సంగతి, మీ సక్కర్. తొట్టిలో చిన్నగా ముద్దుగా ఉంటుంది కానీ మన నీళ్లలో ఊళ్లవాళ్లు దెయ్యం చేప అని తిట్టుకుంటున్న చేప ఆ జాతిదే. ఎవరో అక్వేరియంలోంచి వదిలినవే పెరిగి, గట్టి పెంకు లాంటి ఒంటితో వలలు చింపుతూ, మన చేపల మేత తినేస్తున్నాయి. చేపని కాలవలో వదలడం దయ అనుకుంటారు చాలామంది. దానివల్ల ఆ చేపకీ మంచి జరగదు, కాలవకీ జరగదు. ఈ విషయంలో మాత్రం నేను మీకు ఛాయిస్ ఇవ్వను.

ఆ పొడి ఎందుకు వద్దంటే, యాంటీబయాటిక్ బ్యాక్టీరియా మీద పనిచేస్తుంది. ఇక్ బ్యాక్టీరియా కాదు. అంటే రోగం అలాగే ఉంటుంది, ఇప్పుడిప్పుడే మళ్లీ మొలకెత్తుతున్న ఫిల్టర్ బ్యాక్టీరియా మాత్రం చావొచ్చు, అది చస్తే అమ్మోనియా మళ్లీ పెరుగుతుంది. మీ ఇంటి ఆరు చేపలు దాటి చూసినా, మందుల అవశేషాలు తేలితే విదేశాలు మన రొయ్యల కంటైనర్లని తిప్పి పంపుతాయని మీ మరిదిగారికి తెలిసే ఉంటుంది. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్లు లాంటివి ఆక్వాలో వాడకూడదని నిషేధమే ఉంది. ఆ పొట్లంలో ఏముందో పేరు కూడా లేకుండా చిన్నపిల్ల చెయ్యిపెట్టే తొట్టిలో వెయ్యడం అసలు వద్దు.

మరి ఏం చెయ్యొచ్చు? మూడు దారులు కనిపిస్తున్నాయి నాకు.

మొదటిది ఉప్పూ వేడీ. నా మొగ్గు దీనివైపే. మీ తొట్టి రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు అనుకుంటే, రాళ్లు పోను ఇంచుమించు 45 లీటర్ల నీళ్లుంటాయి. లీటరుకి 2 గ్రాముల చొప్పున 90 గ్రాముల కళ్లుప్పు. ఒకేసారి కుమ్మరించకండి. సగం ఇవాళ ఒక చెంబు తొట్టి నీళ్లలో కరిగించి కొంచెం కొంచెంగా పొయ్యండి, రేపంతా సక్కర్‌ని గమనించండి, ఎందుకంటే మీ తొట్టిలో ఉప్పుకి తట్టుకోలేనిది అదే. అది మామూలుగా ఉంటే మిగతా సగం. మోలీలకి ఉప్పంటే ఇష్టమే, గోల్డ్ ఫిష్ కూడా తట్టుకుంటుంది. నీళ్లలో నైట్రైట్ ఉంటే దాని విషం చేప ఒంట్లోకి ఎక్కకుండా కూడా ఉప్పు అడ్డుపడుతుంది, మీ తొట్టి ఉన్న పరిస్థితిలో ఇది చాలా ఉపయోగం. దీంతో పాటు 50 వాట్ల హీటర్ పెట్టి, రోజుకి రెండు డిగ్రీలకి మించకుండా పెంచుకుంటూ 29, 30 దగ్గర నిలపండి. వేడికి పరాన్నజీవి తిరుగుడు వేగంగా అయిపోతుంది, తొందరగా నీళ్లలోకొచ్చి ఉప్పుకి దొరుకుతుంది. కానీ వేడి నీళ్లలో ఆక్సిజన్ తక్కువ, కాబట్టి గాలి పంపు రాత్రీ పగలూ ఆడుతూనే ఉండాలి. కరెంటు పోతే మగ్గుతో నీళ్లు పైకి తీసి ఎత్తు నుంచి పోస్తూ ఉంటే గండం గడుస్తుంది. హీటర్ స్విచ్చి తీసి ప్లగ్గు పీకాకే తొట్టిలో చెయ్యి పెట్టాలి, పాపకి ఇది గట్టిగా చెప్పండి.

రోజు విడిచి రోజు నాలుగోవంతు నీళ్లు మార్చండి. పైపుతో కింద రాళ్ల మధ్య నుంచి లాగితే, పొర కట్టుకుని కూర్చున్నవి కూడా కొన్ని పోతాయి. ఉప్పు ఆవిరైపోదు, అందుకని ఎంత నీళ్లు తీశారో అంతకి సరిపడా ఉప్పే మళ్లీ కలపాలి. 10 లీటర్లు మారిస్తే 20 గ్రాములు. ఎండి తగ్గిన నీళ్లకైతే ఉత్త నీళ్లే పొయ్యాలి. తీసిన నీళ్లు బోదెలో కాదు, మొక్కల మొదట్లో కాదు, పెరట్లో ఎండ తగిలే వట్టి నేల మీద పొయ్యండి, ఎండిపోతే ఇక్ బతకదు.

ఏ నీళ్లు పొయ్యాలన్నది మన డెల్టాలో పెద్ద తలనొప్పి. బోరు నీళ్లు చాలా ఊళ్లలో ముందే ఉప్పగా ఉంటాయి, వాటిలో మళ్లీ 2 గ్రాములు కలిపితే ఎంతవుతుందో చెప్పలేం. కాలవ నీళ్లు నేరుగా వద్దు. టిన్ను నీళ్లలో ఖనిజాలు బాగా తక్కువ కాబట్టి పీహెచ్ (నీళ్ల పులుపు, క్షారం కొలత) నిలకడగా ఉండదు, మనుషులకి మంచివని చేపలకి అచ్చంగా అవే పొయ్యకండి. పంచాయతీ కుళాయి నీళ్లు బకెట్లో పట్టి గాలి రాయి (గాలి పంపు గొట్టం చివర బుడగలొచ్చే రాయి) వేసి ఒక రోజంతా ఉంచితే బ్లీచింగ్ వాసన పోతుంది, అవే మీకు నయం. ఆగే టైం లేకపోతే అక్వేరియం షాపులో క్లోరిన్ తీసే చుక్కలు దొరుకుతాయి. ఒక సీసాలో తొట్టి నీళ్లు పట్టి, రొయ్యల రైతులు వెళ్లే ల్యాబ్‌లో అమ్మోనియా, నైట్రైట్, పీహెచ్ చూపించండి. ఇంత సులువుగా నీళ్ల పరీక్ష దొరికే ప్రాంతం మనది, వాడుకోండి. అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా ఉండాలి. పీహెచ్ 8 దాటి ఉంటే కొద్దిపాటి అమ్మోనియా కూడా ఎక్కువ విషమవుతుంది, అప్పుడు నీళ్లు రోజూ మార్చాల్సి వస్తుంది.

రెండో దారి షాపు మందు. మలాకైట్ గ్రీన్ ఉన్న మందులు ఇక్ మీద బాగా పనిచేస్తాయి, ఉప్పు కంటే వేగంగానే. కానీ అది విషమే, తినే చేపలకి వాడటం నిషేధం. చేతికి గ్లౌజు ఉండాలి, సీసా పాపకి అందకూడదు, సక్కర్ ఉంది కాబట్టి సగం మోతాదు, ఫిల్టర్‌లో బొగ్గు ఉంటే తీసెయ్యాలి, లైటు ఆర్పెయ్యాలి ఎందుకంటే వెలుతురుకి మందు పాడవుతుంది. ఫిల్టర్ బ్యాక్టీరియా కూడా దెబ్బ తినొచ్చు. మెథిలీన్ బ్లూ అనే నీలం మందుతో కూడా ఈ చివరి ఇబ్బంది ఉంది, పైగా తొట్టి అతుకుల్లో నీలం మరక ఉండిపోతుంది. ఉప్పుతో నాలుగైదు రోజులైనా చుక్కలు పెరుగుతూనే ఉంటే అప్పుడు ఈ దారి. రెండూ కలిపి ఒకేసారి వెయ్యకండి.

మూడోది ఆపెయ్యడం. ఇదీ తప్పేం కాదు. మీకు ఓపిక లేదనిపిస్తే, ఇంట్లో రోజూ గొడవ భరించలేకపోతే, మానెయ్యొచ్చు. కానీ రోగమున్న చేపల్ని ఇంకొకరి తొట్టికి ఇవ్వకూడదు, కాబట్టి ఇచ్చెయ్యాలన్నా ముందు రెండు వారాలు వైద్యం తప్పదు. మీ వారన్నట్టు కొత్తవి తెచ్చి అదే తొట్టిలో వేస్తే వారంలో వాటికీ పడుతుంది. కొత్తగా మొదలుపెట్టాలంటే తొట్టి, రాళ్లు, స్పాంజి, వల అన్నీ కడిగి కొన్నాళ్లు ఎండలో ఎండబెట్టి, బ్యాక్టీరియా పెరిగేదాకా మళ్లీ నెల పైన ఆగాలి. ఖర్చు, టైం లెక్క వేస్తే వైద్యమే తక్కువ. ఏదైనా చేప ఇక లేవదు, పక్కకి ఒరిగి బాధపడుతోంది అనిపిస్తే మాత్రం లవంగ నూనె మార్గం ఉంది. లీటరు నీళ్లకి పది చుక్కలు ఒక సీసాలో బాగా గిలక్కొట్టి గిన్నెలో పోసి, అందులో చేపని ఉంచితే నిద్రలోకి జారి అలాగే చనిపోతుంది. మొప్పలు ఆడటం ఆగాక కూడా కాసేపు అలాగే ఉంచి పెరట్లో పాతిపెట్టండి. ఇది పాప బడికెళ్లినప్పుడు చెయ్యండి, కానీ దాచకండి, వచ్చాక చెప్పండి.

పాప గురించి నాకు ఎక్కువ బెంగగా ఉంది. తనకి అబద్ధం చెప్పక్కర్లేదు, నిజమే చెప్పండి. మేత ఎక్కువైతే నీళ్లు పాడవుతాయి, అది నిజం. కానీ రెండు నెలలు అదే పాప అదే చేత్తో వేసింది, అన్నీ బతికే ఉన్నాయి. చేపలు పోయింది ఒకే రోజు అన్నీ కడిగెయ్యడం వల్ల, కొత్త చేపలతో రోగం రావడం వల్ల. ఇవేవీ ఎనిమిదేళ్ల పిల్ల చేతిలో లేనివి. ఆ కడిగింది మీ వారని ఇంకో గొడవ మొదలుపెట్టకండి, ఆయనా మంచి చేద్దామనే చేశారు, ఫిల్టర్ స్పాంజి తొట్టిలోంచి తీసిన నీళ్లలోనే రెండుసార్లు నొక్కి పెట్టెయ్యాలని చాలామందికి తెలియదు. ఆయనే పాపని కూర్చోబెట్టుకుని “నీ వల్ల కాదురా బంగారం” అంటే, మీరూ నేనూ వంద సార్లు చెప్పినదానికంటే బలంగా ఉంటుంది. పాపకి ఒక పని అప్పగించండి. రోజూ బడి నుంచి వచ్చాక ఒక్కో చేప మీద చుక్కలు లెక్కపెట్టి నోట్‌బుక్‌లో రాయమనండి. ఆ లెక్క వైద్యానికి నిజంగా పనికొస్తుంది.

అత్తగారితో అచ్చి రావడం గురించి వాదన పెట్టుకోకండి, అది తేలేది కాదు. ఆవిడ అడుగుతున్నది పండక్కి ఇంట్లో చచ్చిన చేప కనపడకూడదని, అందులో తప్పేముంది? ఇవాళ డిసెంబరు ఆఖరు, వెంటనే మొదలుపెడితే భోగి నాటికి రెండు వారాలు పూర్తవుతాయి. తొట్టిని హాల్లోంచి తీసి మీ గదిలో పెట్టుకోవచ్చు, నీళ్లు బాగా తగ్గించి ఇద్దరు పట్టుకుంటే సరి, నిండుగా ఉండగా కదిపితే అతుకు ఊడుతుంది. ఇంకో మాట, పగలు ఇంట్లో ఉండేది ఆవిడే కాబట్టి మేత డబ్బా ఆవిడ చేతికే ఇవ్వండి. వైద్యం సాగినన్నాళ్లూ రోజుకి ఒక్కసారి, రెండు నిమిషాల్లో తినేంత మాత్రమే. పాప వచ్చి అడిగితే ఆవిడ చిటికెడు తీసి పాప చేతిలో పెట్టి వేయించాలి. ఆవిడ కోపం తగ్గుతుందని హామీ ఇవ్వలేను, కానీ తప్పు పాప మీదకి నెట్టే అవకాశం మాత్రం ఉండదు.

కోలుకున్న చేపలకి ఇక్ మీద కొంత నిరోధక శక్తి వస్తుంది, కాబట్టి ఈసారి బతికినవి గట్టివే. కొత్తవి మాత్రం తొందరపడి కొనకండి. గోల్డ్ ఫిష్ ఒక్కోటీ జానెడు దాకా పెరిగే చేప, మీ తొట్టికి ఉన్న మూడే ఎక్కువ. సక్కర్ కూడా పెరిగితే అడుగు దాటుతుంది, పెద్ద తొట్టి ఉన్నవాళ్లెవరైనా దొరికితే జబ్బు పూర్తిగా తగ్గాక ఇవ్వడం దానికే మంచిది. ఎప్పుడైనా కొత్త చేప తెస్తే మూత ఉన్న ప్లాస్టిక్ టబ్బులో గాలి రాయి వేసి మూడు వారాలు విడిగా ఉంచండి, దాని వల విడిగా ఉండాలి, షాపు వాళ్లిచ్చిన కవర్లో నీళ్లు మీ తొట్టిలో పొయ్యకూడదు. ల్యాబ్ కాగితం రాగానే అందులోని అంకెలు నాకు రాసి పంపండి, నీళ్లు ఎంత మార్చాలో దాన్ని బట్టి చెబుతాను.